చివరి 5 నిమిషాల్లో 41 దెబ్బలు: బండలాగుడు పోటీలో ఒక తోలే కుర్రాడి మీద చర్య తీసుకున్న కేసు

నేను పశువైద్యుడిని, పల్నాడు ప్రకాశం వైపు పల్లెల్లో 19 ఏళ్ళుగా పని, అందులో 11 ఏళ్ళుగా ఎడ్ల బండలాగుడు పోటీల దగ్గర కూడా ఉంటున్నాను, మొదట్లో గిత్తల పళ్ళు చూసి వయసుని బట్టి ఏ విభాగమో తేల్చడానికి, కుంటుతున్నాయా జ్వరం ఉందా చూడడానికి పిలిచేవాళ్ళు, గత మూడేళ్ళుగా మాత్రం ఒక కమిటీలో చర్నాకోల కేసులు వినే ఐదుగురిలో ఒకడిగా కూర్చుంటున్నాను. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే మాకు వచ్చిన వాటిలో లెక్కలతో సహా తేల్చగలిగింది ఇదొక్కటే, మిగతావన్నీ "గట్టిగా కొట్టాడు", "లేదు మెల్లగానే తగిలించాడు" అనే దగ్గరే ఆగిపోయాయి. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను, మిగతాది జరిగింది జరిగినట్టు.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. జత గిత్తలకి కాడి కట్టి, గొలుసుతో బండ తగిలించి, ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగితే అంత, ఎక్కువ అడుగులు లాగిన జతకి మొదటి బహుమతి. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సేద్యం, జూనియర్స్, సీనియర్స్ అని విభాగాలు. బరి ఈ చివర నుంచి ఆ చివరకి లాగి, తిప్పుకుని మళ్ళీ రావాలి. పక్కన పరిగెత్తే మనుషుల చేతిలో చర్నాకోల ఉంటుంది, గొడవంతా దాని దగ్గరే.

మా రూల్స్ ఎక్కడ నుంచి వచ్చాయో కూడా చెప్పాలి. నాలుగేళ్ళ కింద మెల్‌బోర్న్‌లో మా మేనల్లుడి ఇంటికి వెళ్ళాను, వాడుండేది పడమటి శివారు మెల్టన్‌లో, అక్కడ హార్నెస్ రేసింగ్ ట్రాక్ ఉంది, అంటే గుర్రం మీద ఎక్కి కూర్చోరు, వెనక రెండు చక్రాల చిన్న బండి కట్టుకుని డ్రైవర్ అందులో కూర్చుని తోలతాడు, మన జట్కా బండి పందెం అనుకోండి కానీ చాలా తేలికైన బండి. నాకు అక్కడ గుర్రాల కన్నా డ్రైవర్ల చేతులే ఎక్కువ కనపడ్డాయి. రెండు చేతుల్లో రెండు పగ్గాలు, కొరడా ఊగేది మణికట్టు వరకే, భుజం కదలదు. తర్వాత చదివితే తెలిసింది ఏంటంటే ఆస్ట్రేలియా హార్నెస్ రేసింగ్ సంస్థ 2016 చివర్లో కొరడా పూర్తిగా తీసేస్తామని ప్రకటించి, డ్రైవర్లు ట్రైనర్లు గొడవ చేస్తే వెనక్కి తగ్గి, దాని బదులు ఈ మణికట్టు రూల్ తెచ్చింది, ప్రతి చేతిలో ఒక పగ్గం ఉండాల్సిందే, మణికట్టుతో మాత్రమే ఆడించాలి. రేసు అయ్యాక స్టీవర్డ్లు, అంటే రేసు తీరు చూసే అధికారులు, వీడియో వేసి డ్రైవర్‌ని పిలిచి కూర్చోబెట్టి అడుగుతారు, తప్పు తేలితే ఫైనో సస్పెన్షనో వేస్తారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. కొట్టినవాడికి తను ఏం చేశాడో తన కళ్ళతో చూపించి, చెప్పుకోనిచ్చి, తర్వాత శిక్ష.

ఇంటికొచ్చాక కమిటీ పెద్దలతో కూర్చుని తెలుగులో ఒక పేజీ రాసుకున్నాం. కర్రకి ముల్లు ఉండకూడదు, ఉంటే ఆ జత దిగకూడదు (ఇది మేము కొత్తగా కనిపెట్టింది కాదు, పని పశువుల మీద ముల్లుకర్ర వాడకూడదని 1965 నాటి కేంద్రం రూల్సులోనే ఉంది). చర్నాకోల పట్టుకున్న చేతి మోచెయ్యి భుజం దాటి పైకి లేవకూడదు. డొక్క, పొట్ట, మొహం, కాళ్ళ మధ్య తగలకూడదు. తోక మెలిపెట్టకూడదు. గిత్త స్పందించకపోతే అదే దెబ్బ మళ్ళీ వెయ్యకూడదు. ఇక ఆఖరిది, ఈ కేసు మొత్తం నడిచింది దాని మీదే, ప్లేస్ మారే అవకాశం లేనప్పుడు అసలు కొట్టకూడదు.

ఇక కేసు. ఆరు పళ్ళ విభాగం, టైము 20 నిమిషాలు, 13 జతలు. చీటీల్లో ఈ జతకి 13వ నంబరు వచ్చింది, అంటే చివరి జత, వీళ్ళ తర్వాత లాగేవాళ్ళు ఎవరూ లేరు. గిత్తలు రెండూ మంచివి, ఎలపట గిత్త (కాడికి కుడివైపుది) కాస్త చురుకు, దాపట గిత్త (ఎడమవైపుది) బరువు ఎక్కువ, నిదానం. తోలే కుర్రాడికి పాతిక పైన వయసు, చేతివాటం ఉన్నవాడని పేరు, అంతకుముందు మా దగ్గర ఎప్పుడూ పేరు చెడగొట్టుకోలేదు, ఆ మాట చెప్పడం నా బాధ్యత.

మొదటి పది నిమిషాల్లో 1,840 అడుగులు లాగాయి, నిమిషానికి 184. తర్వాతి ఐదు నిమిషాల్లో 710, నిమిషానికి 142. అంటే 15 నిమిషాలకి 2,550. అప్పటివరకు చర్నాకోల పడింది 12 సార్లే, అందులో ఎక్కువ తిప్పుకునే దగ్గర, మాకెవరికీ అభ్యంతరం లేదు. అప్పటికి ఐదో ప్లేస్‌లో ఉన్న జత దూరం 3,460, ఆరో ప్లేస్ 3,020.

ఇక్కడ కాస్త ఆగి లెక్క చూడండి. ఆరో ప్లేస్ దాటాలంటే 5 నిమిషాల్లో 470 అడుగులు కావాలి, నిమిషానికి 94, నడిపించుకుంటూ వెళ్ళినా వస్తుంది. ఐదో ప్లేస్ దాటాలంటే 910 దాటాలి, నిమిషానికి 182, అంటే అలిసిపోయిన గిత్తలు మొదటి పది నిమిషాల ఊపు దాదాపు మొత్తం మళ్ళీ తీయాలి, అది చివరి ఐదు నిమిషాల్లో ఎప్పుడూ ఎక్కడా నేను చూడలేదు. కొట్టకపోయినా ఆరు ఖాయం, ఎంత కొట్టినా ఐదు రాదు.

ఆ ఐదు నిమిషాల్లో పడ్డ దెబ్బలు 41. టైము చూసే అబ్బాయి ఫోన్‌లో తీసిన వీడియో, కామెంటరీ స్టేజి మీద కెమెరా వీడియో, రెండూ పక్కపక్కన పెట్టుకుని నేను, ఇంకో పెద్దాయన విడివిడిగా లెక్కపెట్టాం, నాకు 41 వచ్చింది, ఆయనకి 43, తేడా వచ్చిన రెండూ మళ్ళీ మెల్లగా తిప్పి చూస్తే గాల్లోనే తిరిగాయి, తగల్లేదు. నిమిషం నిమిషం ఇలా ఉంది: 16వ నిమిషంలో 5 దెబ్బలు, 124 అడుగులు. 17లో 7 దెబ్బలు, 121 అడుగులు. 18లో 9, 116. 19లో 11, 109. ఆఖరి నిమిషంలో 9, 104. మొత్తం 3,124 అడుగులు, ఆరో ప్లేస్.

ఈ అంకెలు కాగితం మీద రాసుకున్నాక నేను కాసేపు మాట్లాడలేకపోయాను. దెబ్బ పెరిగే కొద్దీ అడుగు తగ్గింది. అలసట వల్ల తగ్గింది, దెబ్బల వల్లే తగ్గిందని నేను అనను, కానీ దెబ్బ వల్ల పెరిగిందని మాత్రం ఎవరూ అనలేరు. రేసు గుర్రాల మీద సిడ్నీ యూనివర్సిటీ వాళ్ళు 2011లో చేసిన స్టడీలో కూడా ఇలాంటిదే తేలింది, గుర్రాలు అలిసిపోయిన చివరి 400 మీటర్లలోనే జాకీలు ఎక్కువ కొట్టారు, ఆ కొట్టుడుకీ స్పీడ్‌కీ లాభం కనపడలేదు.

పోటీ అవ్వగానే కాడి విప్పించి గిత్తల్ని వేపచెట్టు కిందకి తీసుకెళ్ళాం. ఇక్కడ చిన్న విషయం, మన ఒంగోలు గిత్తకి తెల్ల వెంట్రుక కింద నల్ల చర్మం, దెబ్బ దూరం నుంచి కంటికి ఆనదు, కెమెరాలో అసలు రాదు. అరచెయ్యి తడి చేసుకుని వెంట్రుకకి ఎదురు రాసుకుంటూ పోవాలి, తొడ పైభాగం నుంచి మూపురం వైపు. వాత తేలిన చోట చేతికి తాడులాగా తగులుతుంది, కాస్త వెచ్చగా ఉంటుంది, వేలు ఆనగానే ఆ చుట్టూ చర్మం జలదరిస్తుంది. ఎలపట గిత్తకి 9 వాతలు, తొడ మీద 7, డొక్క దగ్గర 2, డొక్క మీద ఒకదానికి చర్మం చిట్లి నెత్తురు చెమ్మ. దాపట గిత్తకి 3. చురుకైనదానికే ఎక్కువ పడ్డాయి, ఎందుకంటే అది కొడితే ఒక అడుగు ముందుకి వేస్తుంది, నిదానమైనది వెయ్యదు, అందుకని చేయి దాని వైపే పోతుంది. కాడి పక్కకి గుంజుకుపోయి ఎలపటదాని మెడ మీద ఒరిపిడి కూడా ఉంది. జ్వరం 103.4, నిమిషానికి ఊపిరి 64, లాగి వచ్చిన ఎద్దుకి అది వింత కాదు, అరగంటలో దిగింది. చిట్లిన చోట కడిగి అయోడిన్ పెట్టి, ఈగలు వాలి పురుగు పడకుండా పైన మందు రాసి, నొప్పికి మెలాక్సికామ్ ఇచ్చాను. గిత్త తోలు మందం, దానికేం తెలీదు అనే మాట వేపచెట్టు కింద కూడా ఒకాయన అన్నాడు. 2020లో సిడ్నీలోనే గుర్రం చర్మాన్నీ మనిషి చర్మాన్నీ మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు, నొప్పి పట్టే నరాల కొసల్లో గానీ పై పొర మందంలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. అది గుర్రం, ఇది ఎద్దు, నిజమే, కానీ దోమ వాలితే చర్మం విదిల్చే జంతువుకి చర్నాకోల తెలీదని నేనెలా ఒప్పుకుంటాను.

విచారణ అదే రోజు రాత్రి ఏడింటికి, టెంటులో. ఐదుగురం, ఇద్దరు ఊరి పెద్దలు, టైము చూసే అతను, ఒకప్పుడు బాగా పేరున్న తోలే ఆయన ఒకరు, నేను. ఆ పాత తోలే ఆయన ఉండడం చాలా ముఖ్యం, డాక్టరు మాట "నీకేం తెలుసు బరిలో సంగతి" అని కొట్టేయొచ్చు, ఆయన మాట కొట్టేయలేరు. కుర్రాడిని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, లాప్‌టాప్‌లో వీడియో పెట్టాం. మొదట "అంత లేదు సార్" అన్నాడు. 18వ నిమిషం దగ్గర చెయ్యి చెవి పైకి లేచి దిగడం చూసి తల కిందకి దించుకున్నాడు. తర్వాత అన్న మాట నేను అలాగే రాసుకున్నాను: "నాకు ఎన్ని అడుగులు కావాలో తెలీదు సార్, వెనక నుంచి రైతు కొట్టరా కొట్టరా అంటా ఉన్నాడు, జనం ఈలలు, ఐదు వస్తదేమో అనుకున్నా."

ఈ మాటలో రెండు నిజాలు ఉన్నాయి, రెండూ మేము చూసుకోనివే. ఒకటి, బరిలో ఉన్నవాడికి తను ఎంత లాగాడో, ముందువాడు ఎంత లాగాడో కనపడే ఏర్పాటు మా దగ్గర లేదు, కామెంటరీలో అప్పుడప్పుడు చెప్తారు, ఆ డప్పుల మధ్య ఎవరికి వినపడుద్ది. ప్లేస్ మారనప్పుడు కొట్టొద్దని రూల్ రాసి, ప్లేస్ మారుతుందో లేదో తెలుసుకునే దారి ఇవ్వలేదు. రెండోది, రైతు, అంటే ఆ గిత్తల యజమాని. స్టేజి వీడియో సౌండ్ పెంచి వింటే ఆయన గొంతు 17 సార్లు వినపడింది.

రైతుని కూడా పిలిచాం. ఆయన మంచి మనిషే, ఆ గిత్తలకి ఉలవలు, పత్తి గింజలు ఏ పూటా తక్కువ చెయ్యడని మా అందరికీ తెలుసు, రాత్రి పూట పాకలో వాటి పక్కనే మంచం వేసుకుంటాడు. కానీ ఆ ఐదు నిమిషాలు ఆయనకి గిత్తలు కనపడలేదు, ఐదో ప్లేస్ కనపడింది. "డాక్టర్ గారూ, కొట్టింది వాడైతే నా ప్రైజ్ ఎందుకు కొయ్యాలి" అని గట్టిగా అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. హార్నెస్ రేసుల్లో కూడా శిక్ష డ్రైవర్‌కే పడుతుంది, గుర్రం వచ్చిన ప్లేస్ మామూలుగా మారదు, ఓనర్ డబ్బు ఓనర్‌కి వెళ్తుంది. నాకు ఆ పద్ధతిలో నచ్చనిది అదొక్కటే. తోలేవాణ్ణి ఆపితే రైతు రేపు ఇంకొకణ్ణి తెచ్చుకుంటాడు, వాడి చెవిలో కూడా అదే అరుపు. దెబ్బ వెయ్యమన్న గొంతుకి ఖర్చు లేకపోతే ఆ చెయ్యి ఎన్నిసార్లు మార్చినా అంతే.

గంటన్నర వాదన అయ్యాక తీర్పు ఇది. కుర్రాడికి ఆ తిరునాళ్ళలో మిగతా రోజులూ, మా కమిటీ పెట్టే తర్వాతి రెండు పోటీలూ బరిలోకి రాకూడదు, రెండోసారి జరిగితే సంవత్సరం. జత ప్లేస్ ఆరే, అది మార్చలేదు, గిత్తలు లాగిన అడుగులు అవి లాగినవే. ఆరో బహుమతి 15,000లో సగం ఆపేసి, గిత్తల మందులకి పోను మిగిలింది పశువుల నీళ్ళ తొట్టి బాగుచెయ్యడానికి. పెద్దల్లో ఒకాయన కుర్రాడికి ఇంత శిక్ష ఎక్కువ, హెచ్చరించి వదిలేద్దాం అన్నాడు, పాత తోలే ఆయన ఒప్పుకోలేదు. ఆయన అన్నది, "12 దెబ్బలతో 15 నిమిషాలు తోలినోడికి తోలడం వచ్చు. రానోడు కొట్టాడంటే వేరు, వచ్చినోడు కొట్టాడు." తీర్పు ఆ మాటతోనే తెగింది.

పోలీసు కేసు ఎందుకు పెట్టలేదని తర్వాత ఒక స్నేహితురాలు అడిగింది, ఆమె కూడా వెటర్నరీయే. జంతు హింస నిరోధక చట్టం 1960 నాటిది, సెక్షన్ 11 కింద మొదటి తప్పుకి ఫైన్ 10 నుంచి 50 రూపాయలు. యాభై రూపాయలు. చర్నాకోల ఖరీదు కూడా కాదు. మూడు నెలల జైలు మాట రావాలంటే మూడేళ్ళలోపు రెండోసారి అదే తప్పు చెయ్యాలి. కోర్టులు మాత్రం చాలా గట్టిగా మాట్లాడాయి, 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్లబండి పందేలు రెండింటినీ ఆపింది, 2023 మే 18న ఐదుగురు జడ్జీల బెంచ్ తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న సవరణ చట్టాలు చెల్లుతాయంది, ఆ మూడు రాష్ట్రాలు నిలబడింది కూడా పశువుకి బాధ తగ్గించే రూల్స్ పెట్టుకున్నాం అని చెప్పుకోగలిగినందుకే. మన బరుల్లో పద్ధతి మనం పెట్టుకోకపోతే రేపు ఎవరో ఒకరు వీడియో తీసుకెళ్ళి కోర్టులో వేస్తే మన దగ్గర చూపించడానికి ఏముంది, ఇది నేను ప్రతి కమిటీ మీటింగులో చెప్తున్నాను.

ఆ స్నేహితురాలు ఇంకో మాట కూడా అంది, 41వ దెబ్బ ఏంటి, మొదటి దెబ్బే అనవసరం అని. నాకు ఆ మాట తప్పనిపించదు. నార్వేలో 1982 నుంచే గుర్రాన్ని ఉరికించడానికి కొరడాతో కొట్టడం నిషేధం, అయినా అక్కడ రేసులు ఆగలేదు. నేను అక్కడికి చేరాలనే అనుకుంటున్నాను. కానీ ఈ సంవత్సరం నా చేతిలో ఉన్నది ఐదుగురు మనుషులు, ఒక లాప్‌టాప్, ఒక పేజీ రూల్స్, వాటితో నిరూపించగలిగిన దెబ్బ ముందు ఆపాలి.

మా తప్పు ఇంకొకటి ఉంది, అది రాయకపోతే ఈ కేసు సగమే రాసినట్టు. 16వ నిమిషం నుంచి మేమంతా స్టేజి మీద నుంచి చూస్తూనే ఉన్నాం. ఆపే అధికారం ఎవరికీ రాసుకోలేదు. మధ్యలో ఆపితే జనం మీద పడతారని భయం కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు. తర్వాత శిక్ష వెయ్యడం కుర్రాడికి పాఠం అవుతుందేమో, ఆ గిత్తలకి మాత్రం 41 పడిపోయాయి. అందుకే తర్వాతి పోటీ నుంచి బరి పక్కన పసుపు జెండా పట్టుకుని ఒక మనిషి, జెండా ఒకసారి ఎత్తితే హెచ్చరిక, రెండోసారి ఎత్తితే అక్కడికక్కడ కాడి విప్పేయడమే, అప్పటివరకు లాగిన అడుగులే లెక్క. ఇప్పటివరకు హెచ్చరికకి 6 సార్లు ఎత్తాం, విప్పించింది ఒక్కసారి, ఆ రోజు గొడవ అయింది, పెద్దలు నిలబడ్డారు. బరి రెండు చివర్లా నల్ల బోర్డు పెట్టి, జత దూరం, ముందున్న ప్లేస్‌కి ఇంకా కావాల్సిన అడుగులు ప్రతి నిమిషం సుద్దముక్కతో రాయిస్తున్నాం. రైతు నిలబడే చోటు తాడు కట్టి బరికి దూరంగా జరిపాం.

ఎలపట గిత్త వాతలు ఐదో రోజుకి అణిగాయి, డొక్క మీద పొక్కు రాలి వెంట్రుక రావడానికి నెల పైన పట్టింది, మెడ ఒరిపిడి మానేదాకా కాడి పెట్టొద్దన్నాను, రైతు పెట్టలేదు. వెళ్ళిన ప్రతిసారీ నాకు టీ ఇస్తాడు, డబ్బు సంగతి ఎత్తడు.

కుర్రాడు రెండు పోటీలు బయట కూర్చుని, మూడోదానికి వచ్చాడు, అదే రైతు, అదే జత. దిగే ముందు నా దగ్గరికి వచ్చి బోర్డు ఎవరు రాస్తున్నారు సార్, అంకెలు పెద్దగా రాయమనండి అన్నాడు. 17వ నిమిషంలో తిప్పుకుని వస్తూ బోర్డు వైపు చూశాడు, పైప్లేస్‌కి 640 కావాలని ఉంది. పక్కన పరిగెత్తే అతనితో ఏదో అని, చర్నాకోల మడిచి నడుముకి దోపుకున్నాడు, మిగతా మూడు నిమిషాలు అరచెయ్యి గిత్త వీపు మీద వేసి నోటితో అదిలిస్తూనే తోలాడు. ఆ రోజు మొత్తం 20 నిమిషాలకి అతని దెబ్బల లెక్క 8.